మూడు ఫారాలు, ఒక ఆరని బొమ్మ

నవంబరు రెండో వారంలో అమ్మ ఫోన్ చేసింది. "ఇంటికి ఓటు కాగితాలు తెచ్చిచ్చారురా. మూడు. ఒకటి నాది, ఒకటి మీ నాన్నది, ఒకటి నీది."

నాన్న పోయి ఆరేళ్లయింది. నేను యానాం వదిలి ఇరవయ్యారేళ్లు. "మా ఇద్దరికీ ఎందుకొచ్చాయే?" అంటే, "ఏమోరా, ఫోటోలతో సహా వచ్చాయి. నీకు మీసం ఎంత బాగుండేదో" అంది.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. యానాం గోదావరి ఒడ్డునే ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లో లేదు, పుదుచ్చేరిలో ఉంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆ అసెంబ్లీలో ముప్పై సీట్లుంటే ఒకటి మాది. 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన పుణ్యం అది. 2025 నవంబరు 4న పుదుచ్చేరితో కలిపి పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. అందరూ ఎస్‌ఐఆర్ అంటున్నది దీన్నే. ఆంధ్రా, తెలంగాణ ఆ పన్నెండులో లేవు. కాబట్టి ఆ రెండు తెలుగు రాష్ట్రాల కంటే ముందే ఈ టెన్షన్ మా చిన్న ఊరికి వచ్చిపడింది.

ఎలాగూ వెళ్లాలి కదా అని నీటిరంగుల పెట్టె సర్దుకున్నాను. అది చూసి మా బావమరిది కెమెరా సంచి భుజాన వేసుకున్నాడు. "గోదావరిని మీరు గీస్తారో నేను తీస్తానో చూద్దాం బావా" అన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి మా ఇద్దరికీ ఇదే గొడవ.

శనివారం, నవంబరు 15

రైలు బాగా ఆలస్యంగా నడిచింది. మాకదే కలిసొచ్చింది. లేకపోతే గోదావరి బ్రిడ్జి చీకట్లోనే దాటిపోయేది. కొవ్వూరు వదిలాక ఇద్దరం తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాం. నీళ్ల మీద పొగమంచు, పక్కన పాత హేవలాక్ వంతెన. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అది. యాభై ఆరు ఖానాలు, ఒక్కొక్కటీ మంచులోంచి బయటికొచ్చి మళ్లీ మంచులోకి వెళ్లిపోతోంది. బ్రిడ్జి దాటేలోపు బావమరిది నూట నలభై ఫోటోలు తీశాడు. నేను జేబులోంచి చేతులు కూడా తీయలేదు. రాజమండ్రి స్టేషన్లో టీ తాగుతూ ఆ నూట నలభైలో మూడు ఉంచి మిగతావి చెరిపేశాడు. "ఇంత కష్టపడి తీసి పారేయడమెందుకురా" అన్నాను. "ఎంచుకోవడమే కదా బావా అసలు పని" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది కానీ పైకి చెప్పలేదు.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదివి, తిరిగి ఇక్కడికే వచ్చి బొమ్మలు నేర్పించి, ఇరవై ఎనిమిదో ఏట మశూచికంతో పోయాడాయన. పోయి 2025 ఫిబ్రవరికి నూరేళ్లు. చాలామంది 'నంది పూజ' లాంటి పెద్ద బొమ్మల కోసం వెళ్తారు. నాకు ఆయన నీటిరంగుల్లో వేసిన కొండలూ నదీ ఇష్టం. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి చెయ్యి గుర్తించి చేరదీశాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. అప్పటికే ఫోటో స్టూడియోలు వచ్చేశాయి. గోదావరి ఎలా ఉంటుందో చూపించడానికి బొమ్మ అక్కర్లేని కాలం అది. అయినా వీళ్లు రంగులు పట్టుకుని ఒడ్డు వెంట తిరిగారు. ఎందుకు తిరిగారో ఆ చిన్న బొమ్మల ముందు నిలబడితే చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. బావమరిది కూడా అక్కడ చాలాసేపు మాట్లాడలేదు.

ధవళేశ్వరం దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం బస్సులో రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా యానాం. దారి పొడుగునా అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను పడగొట్టిన చేలు. కోతకొచ్చిన వరి నేలకి అంటుకుపోయి ఉంది, చాప పరిచినట్టు. యానాం సరిహద్దు ఎక్కడో బోర్డు చూసి తెలుసుకోవక్కర్లేదు. పెట్రోలు బంకు దగ్గర బైకుల వరస మొదలైతే వచ్చేసినట్టే. అక్కడ పన్ను తక్కువ.

ఇంటికెళ్లేసరికి అమ్మ కందా బచ్చలి కూర వండి ఉంచింది. పండుగప్ప పులుసు మీద ఆశతో వచ్చిన బావమరిది ముఖం చిన్నబోయింది. "కార్తీకం నాయనా, అమావాస్య వెళ్లనీ" అంది అమ్మ.

భోజనాలయ్యాక కాగితాలు తెచ్చింది. ఒక్కొక్కరికీ రెండేసి కాపీలు. పేరు, ఓటరు కార్డు నంబరు, పోలింగ్ బూత్, జాబితాలో ఉన్న పాత ఫోటో ముందే అచ్చయి ఉన్నాయి. పక్కన ఇప్పటి కలర్ ఫోటో అంటించడానికి ఖాళీ గడి. నా ఫోటోలో నాకు ఇరవై నాలుగేళ్లు. కార్డుల కోసం అందరినీ ఒక స్కూల్లో బెంచీ మీద కూర్చోబెట్టి తీశారప్పుడు. వెనక తెల్ల దుప్పటి కట్టారు, దాని ముడత నా చెవి పక్కన ఇప్పటికీ కనిపిస్తోంది.

నాన్న ఫారం మిగతా రెంటితో లేదు. అడిగితే దేవుడి గూడు చూపించింది.

ఆదివారం, నవంబరు 16

పొద్దున్నే ఏటి ఒడ్డుకి పోయాం. గౌతమి మా ఊరి దగ్గర చాలా వెడల్పు. అవతలి ఒడ్డు ఎదుర్లంక ఒక సన్నటి ఆకుపచ్చ గీత, అంతే. సముద్రం దగ్గర కాబట్టి నీళ్లకి పోటూ పాటూ ఉంటాయి. నేను కాగితం తడిపి ఆకాశం వేసేటప్పుడు పాటు మీదున్న ఏరు, ఒడ్డు దాకా వచ్చేసరికి పోటు మీదుంది. ముందు బయటపడి ఉన్న బురద ఇప్పుడు లేదు. నా బొమ్మలో మాత్రం ఉంది.

నీటిరంగులతో ఇక్కడ ఇంకో బాధ ఉంది. గాలిలోనే తేమ. హైదరాబాదులో అయిదు నిమిషాల్లో ఆరిపోయే రంగు ఇక్కడ అరగంటైనా కాగితం మీద కారుతూనే ఉంటుంది. కోబాల్ట్ బ్లూలో కొంచెం బర్న్‌ట్ సియెన్నా కలిపితే పొద్దుటి గోదావరి బూడిద రంగు వస్తుంది. అది వచ్చింది. అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు వేద్దామని కుంచె ఆనించగానే ఆ ఆకుపచ్చ ఆకాశంలోకి పాకేసింది. ఎండ మీదికి వచ్చేదాకా కాగితాన్ని ఊదుకుంటూ కూర్చున్నాను. నీటి మెరుపు కోసం కాగితాన్ని అలాగే వదిలేయాలి. నీటిరంగుల్లో తెలుపు అంటే ఏమీ వేయకపోవడమే. ఒకసారి పొరపాటున అక్కడ రంగు పడిందా, ఇక ఆ తెలుపు మళ్లీ రాదు.

బావమరిది పక్కనే మూడు కాళ్ల స్టాండు పాతాడు. లెన్సుకి నల్ల ఫిల్టర్ బిగించి ముప్పై సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాడు. అలలన్నీ పోయి నది పాలమీగడలా తేరుకుంది. అందంగానే ఉంది. కానీ ఆ ముప్పై సెకన్లలో మా ముందు నుంచి ఒక జాలరి నావ వేసుకుని పోయాడు. "ఏమోయ్, ఫోటోలు తీత్తన్నారా" అని చెయ్యి కూడా ఊపాడు. ఫోటోలో ఆ మనిషి లేడు, నావ లేదు. ఒడ్డున తాడుతో కట్టేసిన ఖాళీ పడవ మాత్రం దాని గీతలతో సహా పడింది.

"మొదట్నుంచీ ఇంతే బావా" అన్నాడు. 1838లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన మేడ మీద నుంచి ఒక పెద్ద వీధి ఫోటో తీశాడట. బళ్లూ మనుషులూ కిటకిటలాడే వీధి. ఆ పద్ధతిలో పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి కదిలినవాళ్లెవరూ పడలేదు, వీధి నిర్మానుష్యంగా వచ్చింది. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒక్కడు మాత్రం నిలిచిపోయాడు.

నేను కుంచె పక్కన పెట్టేశాను. బీహారు గుర్తొచ్చింది. ఈ సవరణ ముందు అక్కడే జరిగింది. 7.89 కోట్ల జాబితా ముసాయిదాకి వచ్చేసరికి 7.24 కోట్లు అయింది. తీసేసిన 65 లక్షల పేర్లూ, ఎందుకు తీశారో కారణాలూ బయట పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ల లెక్కలోకి వెళ్లిపోయిన మనుషులని తీసుకొచ్చి ఆ కోర్టులోనే నిలబెట్టారు. చివరి జాబితా 7.42 కోట్లకు తేలింది. పేర్లు పోయినవాళ్లలో నిజంగా పోయినవాళ్లూ ఉంటారు, రెండు చోట్ల ఉన్నవాళ్లూ ఉంటారు. కూలికి వేరే రాష్ట్రం వెళ్లి, లెక్క తీసుకునే ఆ నెల రోజులూ ఊళ్లో లేనివాళ్లు? చెయ్యి ఊపుతూ పోయిన మా జాలరి లాంటివాళ్లు?

మరి నేను? కదిలినవాడు మాయమవ్వాలి కదా. కదిలి ఇరవయ్యారేళ్లైనా నేను ఒడ్డున కట్టేసిన పడవలాగే యానాం జాబితాలో ఉన్నాను. హైదరాబాదులో కొత్తగా పేరు రాయించుకున్నప్పుడు పాత చిరునామా అడిగిన చోట ఖాళీ వదిలేశాను. తప్పు నాదే. నాన్న విషయంలోనూ అంతే. మరణ ధ్రువపత్రం తీసుకుని బ్యాంకుకీ పెన్షన్‌కీ తిరిగాం గానీ, పేరు తీసేయమని ఫారం 7 ఇవ్వాలన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

రాత్రి 2002 జాబితా వెతికాం. ఈ సవరణకి మూలం అదే. ఫారం కింది భాగంలో, 2002లో మీ పేరు ఎక్కడుందో, మీది లేకపోతే అమ్మానాన్నలది ఎక్కడుందో రాయాలి. పాత కాగితాలు స్కాన్ చేసి పెట్టారు. ఫోన్లో పేజీలు పెద్దవి చేసుకుంటూ వరసగా చదవడమే.

ఆ జాబితాలో ఫోటోలు లేవు. ఇంటి నంబరు, పేరు, తండ్రో భర్తో, వయసు. నాలుగు గడులు. బావమరిదికి అందులో ఏమీ కనపడలేదు, పాపం. నాకూ అమ్మకీ మా వీధి మొత్తం కనపడింది. మూలింటి దర్జీ మామయ్య, ఆయన ముగ్గురు కోడళ్లు. పంటు మీద టికెట్లు కొట్టే పెద్దాయన. అదే ఏడాది ఏటి మీద బాలయోగి వంతెన వచ్చి పంటు ఆగిపోయింది, ఆయన పనీ పోయింది. బాల్య వివాహం చేసుకోవడానికి యానాం వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక ముసలమ్మ. అటువైపు బ్రిటిషు వాళ్లు శారదా చట్టం తెస్తే, ఇటు ఫ్రెంచి ఊళ్లో ఆ చట్టం వర్తించదని పిల్లల పెళ్లిళ్లకి జనం యానాం వచ్చేవారు. కల్యాణపురం అనేవారట మా ఊరిని. ఆవిడకి 2002లో ఎనభై ఒకటి. "వీళ్లింటి ముందే కదరా నువ్వు సైకిల్ మీంచి పడ్డావు" అంది అమ్మ ఒక నంబరు మీద వేలు పెట్టి. ఆ వేలి కింద స్క్రీన్ జరిగిపోయి, మళ్లీ ఆ పేజీ వెతుక్కోవాల్సి వచ్చింది.

మా ముగ్గురి పేర్లూ వరసగా దొరికాయి. అమ్మ పేరు పాత జాబితాలో ఒక్క మాట, కొత్తదాంట్లో ముందు 'వెంకట' చేరింది. 2002లో వయసు యాభై. ఇప్పటి జాబితా ప్రకారం డెబ్బై ఆరు. ఇరవై మూడేళ్లలో అమ్మకి ఇరవై ఆరేళ్లు గడిచాయి. "అసలు ఎంతే నీకు?" అన్నాను. "నేను పుట్టినప్పుడు గోదారి గట్టు దాటిందన్నారు. నువ్వే లెక్క చూసుకో" అంది.

సోమవారం, నవంబరు 17

కార్తీకంలో ఆఖరి సోమవారం. ద్రాక్షారామం వైపు వెళ్లే ధైర్యం చేయలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ వెంట రేవుకి వెళ్లాం. తూర్పున గోరంత నెలవంక. రేవు మెట్ల మీద తడి చీరలు, ఉసిరికాయ దీపాలు, అరటి దొప్పలు. పోటు తగిలిందేమో, దొప్పలు కిందికి పోకుండా కాసేపు అక్కడే తిరిగి, ఎగువకి బయల్దేరాయి.

ఈ రోజు నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. చీకట్లో రంగు ఏదో నీళ్లేవో తెలియదు. ఒక దీపాన్ని చూసి తల దించేలోపు అది వేరే చోట ఉంటుంది. బావమరిది మెట్టు మీద మోకాళ్లేసి కూర్చుని తీసిన ఒక ఫోటోలో, దొప్ప వదులుతున్న అమ్మ చేతులున్నాయి. ముఖం లేదు, చేతులే. కింద నుంచి దీపం వెలుగు పడి ఎముకలూ నరాలూ, ఎప్పుడో కత్తిపీట తెగిన మచ్చా కనిపిస్తున్నాయి. యాభై ఏళ్లుగా ఆ చేతి అన్నం తిన్నవాణ్ని, ఆ మచ్చ నేనెప్పుడూ వేయలేదు. వేయాలని కూడా తట్టలేదు.

అయితే టిఫిన్ దగ్గర వాడు ఫోన్లో ఏం చేస్తున్నాడో చూశాను. ఆ వెనకాల ఎవరిదో ప్లాస్టిక్ బకెట్ ఉంది. దాని చుట్టూ వేలితో గీశాడు. బకెట్ పోయింది, దాని చోట నీళ్లు వచ్చాయి.

"కెమెరా అబద్ధమాడదు అన్నావు?"

"కెమెరా ఆడలేదు కదా. నిన్న మీరు సెల్ టవర్ వేశారా? ఆ స్తంభాలేవీ? అంత పెద్ద ఒబెలిస్క్ టవర్ ఎక్కడికి పోయింది?"

నిజమే. నేను కరెంటు స్తంభాలు ఎప్పుడూ వేయను. అలవాటు. నా చేతిలో కుంచె ఉన్నంతసేపూ ఏది ఉండాలో ఏది అక్కర్లేదో నేనే తేలుస్తాను, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

సాయంత్రం బాలయోగి వంతెన మీదికి నడిచాం. సగం దాకా వెళ్లి రైలింగ్ పట్టుకుని నిలబడ్డాం. ఇటు చివర ఇంటింటికీ ఫారాలు, అటు చివర ఏమీ లేదు. పోయిన లోక్‌సభ ఎన్నికల్లో ఇటువైపు 2024 ఏప్రిల్ 19న పోలింగ్. అటు మే 13న. హైదరాబాదులో కూడా మే 13నే. నడుమ ఇరవై నాలుగు రోజులు. రెండు జాబితాల్లో పేరున్న నాలాంటివాడు కావాలనుకుంటే వేలి మీద సిరా గోటితో పాటు పెరిగి పైకి పోయేలోపు... అనుకుని ఆగాను. నేను వేసింది హైదరాబాదులోనే. కానీ వేయకపోవడం నా మంచితనం మీద ఆధారపడింది, జాబితా మీద కాదు.

"ఆ సిరాలో ఉండేది సిల్వర్ నైట్రేట్ బావా" అన్నాడు వీడు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాడు. తొలినాళ్లలో ఫోటో కాగితాలు తయారుచేసుకున్నదీ దానితోనే. వెలుగు తగిలితే నల్లబడుతుంది. వేలి మీద గీసి బయటికొస్తే ఎండకి చర్మమే నల్లబడి ముద్ర పడుతుంది. "అంటే ప్రతి ఓటరు వేలి మీదా ఒక చిన్న ఫోటో" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఆ సిరా తయారుచేసేది మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ కంపెనీ, రంగులవాళ్లు. 1962 ఎన్నికల నుంచీ వాళ్లే. "కాబట్టి అది పెయింటింగే" అన్నాను. చలిగాలికి ఇద్దరం వెనక్కి తిరిగాం. గొడవ తేలలేదు.

మంగళవారం, నవంబరు 18

మధ్యాహ్నం బీఎల్‌ఓ అమ్మాయి, అంటే ఈ ఫారాలు ఇంటింటికీ తిరిగి తీసుకునే బూత్ స్థాయి అధికారి, వస్తానంది. ఈలోపు అమ్మకి కలర్ ఫోటో తీయాలి. బావమరిది పెరట్లో గోడకి తెల్ల దుప్పటి కట్టాడు. లక్ష రూపాయల కెమెరాతో పాస్‌పోర్టు సైజు. అమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది. "అత్తయ్యగారూ, కొంచెం గడ్డం పైకి. నవ్వకూడదు." నవ్వకూడదు అనేసరికి అమ్మకి నవ్వాగలేదు. పదకొండు తీస్తే పదీ పనికిరాలేదు. పదకొండోదాంట్లో ముఖం కోపంగా ఉంది. అదే సంత దారిలో ఉన్న స్టూడియోలో ప్రింటు వేయించుకొచ్చాం. పనికిరాని పదీ ఎంత బాగున్నాయో.

ఆ సందులో నేను వీధిలో ముక్కాలిపీట వేసుకుని మా ఇల్లు గీయడం మొదలుపెట్టాను. పెంకుటిల్లు, అరుగు, తుఫానుకి వంగిన జామచెట్టు. సగంలో అమ్మ వచ్చి వెనక నిలబడింది.

"స్తంభమేదిరా?"

"అది బాగుండదే."

"బాగుండకపోతే? మీ నాన్న ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగి వేయించాడు ఆ స్తంభం. అది లేకపోతే ఇది మనిల్లు ఎలా అవుతుంది, ఎవరిల్లో అవుతుంది."

తడి మీదే స్తంభం వేశాను. ఆరని ఆకాశంలో వేస్తే గీత పక్కలకి పాకి, స్తంభం కాస్తా పొగగొట్టంలా తేలింది. అమ్మ ఏమీ అనలేదు.

బీఎల్‌ఓ అమ్మాయి మూడింటికి వచ్చింది. అంగన్‌వాడీలో పని, ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో కట్ట, చంకలో గొడుగు, ఫోన్‌కి తగిలించిన పవర్ బ్యాంక్. పొద్దున్నుంచీ తిరుగుతున్నట్టుంది, ముందు మంచినీళ్లడిగింది. అమ్మ ఫారం చూసింది. 2002 వివరాలు చదివి, 'వెంకట' దగ్గర ఆగి, "ఈవిడే ఆవిడని నాకు తెలుసు కదండీ మామ్మగారూ, రాసుకుంటానండీ, ఆయ్" అంది. నాకదే గట్టిగా తగిలింది. యంత్రానికి ఆ రెండు పేర్లూ ఇద్దరు మనుషులు. ఈ అమ్మాయికి, మొన్న వినాయకచవితికి కుడుములు పెట్టిన ఒకే మామ్మగారు. ఇలా తెలిసినవాళ్లు తిరగని చోట, పది వీధులు కొత్తగా అప్పజెప్పినవాళ్లు తిరిగే చోట ఏమవుతుందో అనిపించింది. తెలిసినంత మాత్రాన అందరూ ఇంత తిన్నగా ఉంటారనీ లేదు.

తర్వాత నాన్నది. అమ్మ లేచి దేవుడి గూట్లోంచి తెచ్చిచ్చింది. పసుపు మరక అంటుకుంది. ఆ అమ్మాయి కళ్లకద్దుకుని, మృతి అని రాసుకుంది. తారీఖు అడిగింది. అమ్మ తిథి చెప్పింది. నేను తారీఖు చెప్పాను.

ఇక నాది.

"బాబాయిగారు సంతకం పెట్టేస్తే అయిపోతుందండి" అంది, ఫారం నా వైపు జరిపి.

"పెట్టరా. ఉండనీ. పేరుంటే ఎప్పటికైనా వస్తావు" అంది అమ్మ.

హైదరాబాదులో నాకు ఓటుందని చెప్పాను. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పదిహేడో సెక్షన్ ప్రకారం ఒక మనిషి రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు. తెలిసి తప్పు రాసి సంతకం పెడితే ముప్పై ఒకటో సెక్షన్, ఏడాది దాకా జైలు. అంతా వివరంగా చెబుతుంటే ఆ అమ్మాయి మర్యాదగా వింది. తనకవన్నీ ట్రైనింగులో చెప్పారట. అమ్మ మాత్రం, "జైలేమిటిరా, నీ ఊళ్లో నీ పేరుంటే" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. బావమరిది కెమెరా మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ తీసేశాడు.

"మీకు ఎప్పుడన్నా ఇక్కడికి వచ్చేయాలనిపిస్తే ఫారం 8 పెట్టుకోవచ్చండి బాబాయిగారూ. ఇల్లు మారినట్టు రాసుకుంటారు" అంది ఆ అమ్మాయి, అమ్మకి వినపడేలా. ఫోన్ తీసి నా పేరు వెతికింది. సిగ్నల్ లేక అరుగు చివరికి వెళ్లి నిలబడింది. చక్రం తిరిగీ తిరిగీ పేజీ తెరుచుకుంది. వరసగా కారణాలు. శాశ్వతంగా వలస వెళ్లారు అన్న దాని మీద వేలు పెట్టబోతూ ఒకసారి నా వైపు చూసింది. తలూపాను.

కాగితాలు సర్దుకుని లేవబోతుంటే అమ్మ ఆపింది.

"ఆ కాయితం ఎలాగూ పనికిరాదు కదమ్మా? ఒకటి ఇచ్చేసి వెళ్లు. ఫోటో బాగుంది."

ఆ అమ్మాయి రెండు కాపీల్లో ఒకటి తీసి ఇచ్చింది. అమ్మ దాన్ని మడత పడకుండా పట్టుకుని లోపలికి వెళ్లింది. దేవుడి గూట్లో పెడుతుందేమోనని ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. కాదు, ట్రంకుపెట్టె మూత చప్పుడు వినపడింది. నా బొమ్మ అరుగు మీద ఇంకా ఆరలేదు.